మేడం కంచం పక్కకు వెట్టిండ్రు

మా మైక్రోబయాలజీ మేడం పోయిండ్రు. పోయిన సోమారం పొద్దుగాల బోథ్ దిక్కు మా దవాఖానల నేను డ్యూటీ మీదున్న. నా ముందట ఒక పెద్దమనిషి నిలవడి, "సిస్టరమ్మా, జర గ్యాసు గోలీలియ్యి, గంతే, ఇంకేం లేదు" అని చెయ్యి జాపిండు. గప్పుడే కరీంనగర్ నుంచి నా దోస్తు ఫోను చేసింది. "మన మేడం పాయెనే" అన్నది. ఫోను చెవికి అట్లనే పెట్టుకొని నేను ఆ పెద్దమనిషిని అడిగిన, ఎన్ని దినాల సంది నీకు గ్యాసు అని. "ఏడాది మీదనే అయితుందమ్మా" అన్నడు. "ఏడాది సంది గ్యాసేందయ్యా, కడుపా అది, సిలిండరా?" అని ఒర్రిన. పాపం, ఆయన బీరిపోయిండు.

ఆ సిలిండరు మాట నాది గాదు, మేడంది. క్లాసుల అట్లనే చెప్పేటోళ్లు. "గ్యాసు గ్యాసు అని రోజు గోలి మింగెటోన్ని నిలవెట్టి అడుగుండ్రి, కడుపా సిలిండరా అని. నెలలకు నెలలు ఉత్త గ్యాసే ఉండదు. లోపట ఏమున్నదో చూడాలె."

నాకు ఏడుపు రాలే. కోపమొచ్చింది. ఇప్పటిదాక దిగలే. పోయినోళ్ల గురించి రాసేటప్పుడు జర మెత్తగ రాయాల్నంటరు. నాకు చేతగాదు. మేడంకు గూడ మెత్తగ మాట్లాడుడు చేతగాకుండె.

నేను నస్పూరు పిల్లను. బాపు బొగ్గుబాయిల పని చేసేది. ఇంటర్ అయినంక కరీంనగర్ల నర్సింగు కాలేజిల సీటు దొరికితే ట్రంకుపెట్టె పట్టుకొని దిగిన. మొదటి రోజు క్లాసు గుమ్మంల బక్కగ, పొడుగ్గ, కొంగు నడుముకు చెక్కుకొని ఒక మనిషి నిలవడ్డరు. నమస్తే మేడం అన్న. "నమస్తే తర్వాత. చెయ్యి చూపెట్టు, మొఖం తర్వాత చూస్త" అన్నరు. నా గోర్లు చూసి, "ఏ ఊరు?" అని అడిగిండ్రు. చెప్పిన. ఆ రోజు సంది నాకు పేరు లేదు. నాలుగేండ్లు నేను నస్పూరునే. "ఏ నస్పూరు, నిలవడు." "నస్పూరు, ఎందుకు నవ్వుతున్నవే, నువ్వు చెప్పు జవాబు." అందరికి ఊరిపేర్లే. నా దోస్తుది బోథ్, దాన్ని బోథ్ అనే పిలిచేటోళ్లు.

ఆమెది కఠినమైన చదువు. బట్టలకు పెట్టే నీలిమందును కొబ్బరినూనెల కలిపి మా చేతులకు రాసి, కండ్లకు చున్నీ కట్టి, సబ్బిచ్చి కడుక్కోమనేటోళ్లు. తెల్లగ కడిగినమనే అనుకుంటుంటిమి. చున్నీ విప్పి చూస్తే బొటనేలు చుట్టు, వేళ్ల సందుల, గోర్ల కింద నీలి అట్లనే ఉండేది. "గది నీలి గాదు. గది రేపు పేషెంటు నోట్లెకు పోయేది" అనేటోళ్లు. అక్కడికి ఆగుతరా? ఎక్కువ నీలి మిగిలినోళ్లు పొద్దుమూకే దాక దాన్ని కడుగొద్దు. అవే చేతుల తోటి మెస్సుల లైన్ల నిలవడాలె, సీనియర్లందరు చూడాలె. నేను నిలవడ్డ. ఏడ్చుకుంట నిలవడ్డ. మా బాపు బాయిలకెళ్లి వచ్చినంక బొగ్గు చేతులు ఎట్ల తోముకునేటోడో అప్పుడు యాదికొచ్చింది. మేడంను మనసుల ఎన్ని తిట్లు తిట్టిన్నో చెప్తే మీరు ఈడనే చదువుడు బంద్ పెడ్తరు.

ఒక ఐతారం నా దోస్తు వాళ్లవ్వ బోథ్ నుంచి వచ్చింది. జొన్నరొట్టెలు, కోడికూర, అన్నం, గిన్నెలల్ల మూటగట్టి తెచ్చింది. మా హాస్టల్ల ఒక అలవాటుండె. ఇంటి కూర వస్తే ఒక పెద్ద పళ్లెంల అంత ఒంపి, నలుగురం చుట్టు కూసొని, అండ్లనే చేతులు పెట్టి తినుడు. ఒక్క కంచంల తిన్నోళ్లే దోస్తులు, లేకుంటె ఉత్త క్లాస్‌మేట్లు. అవ్వ సంబురంగ కలిపిచ్చింది. మొదటి బుక్క నోట్ల పెట్టుకున్నమో లేదో మేడం వచ్చిండ్రు. హాస్టల్ బాధ్యత గూడ ఆమెదే.

"సబ్బుతోని కడిగినోళ్లు ఎవరు?" అన్నరు. నలుగురం చేతులు ఎన్కకు దాసుకున్నం. మేడం పక్కకున్న జగ్గు తీసుకొని, పళ్లెంల నీళ్లు గుమ్మరిచ్చిండ్రు. కోడికూర, అన్నం, అంత నీళ్లల్ల తేలింది.

అవ్వ మొఖం మాడిపోయింది. "అంత దూరం నుంచి మోసుకొస్తినమ్మా. పిల్లలు తినే కంచంల నీళ్లు పోస్తవా? నీకు పిల్లల్లేరా?" అని అడిగింది.

"ఉన్నడు. నీ బిడ్డ గీ చేతులతోని రేపు వాన్ని ముట్టుకుంటదనే నా భయం" అని మేడం ఎల్లిపోయిండ్రు.

"గా చెయ్యి పడిపోను" అని అవ్వ మెటికలిరిచింది. మేమంత ఆమె దిక్కే. పొద్దుమూకినంక వాచ్‌మెన్ ఒక సంచి తెచ్చిచ్చిండు. అండ్ల నాలుగు స్టీలు కంచాలు. టవర్ సర్కిల్ కాడ కొని, అంచు మీద మా ఊరిపేర్లు చెక్కిచ్చిండ్రు మేడం. తెల్లారి క్లాసుల ఆ ఊసే ఎత్తలే. థ్యాంక్స్ చెప్పబోతే, "కూసో, రోల్ నంబర్ పిలుస్తున్న" అన్నరు.

ఇగ ఆమె పావురంగ, ప్రేమగ చెప్పిన పాఠం ఒక్కటే. కడుపుల బతికే పురుగు. హెలికోబాక్టర్ పైలోరి అని దాని పేరు. దాని గురించి చెప్పేటప్పుడు మేడం గొంతు మారేది. మనం తిన్నది అరిగిచ్చే పులుపుల గూడ సావకుండ ఎట్ల దాక్కుంటదో బోర్డు మీద బొమ్మ గీసి చూపెట్టేటోళ్లు. ఎట్లొస్తది అంటే, చానమట్టుకు చిన్నప్పుడే, ఇంట్లనే వస్తది. కడగని చేతుల తోటి, ఎంగిలి తోటి, ఖరాబు నీళ్ల తోటి, ముసలవ్వ నమిలి పెట్టిన బుక్క తోటి. "పగోడు అంటియ్యడే దీన్ని. పావురమున్నోళ్లే అంటిస్తరు" అనేటోళ్లు. అందుకే మేము ఎన్కకు ఆమెను పైలోరి మేడం అనేటోళ్లం.

ఆ పాఠం రెండు ముక్కలు. ఎట్లొస్తదన్నది మొదటి ముక్క. రెండో ముక్క ఇది: అది ఉన్నోళ్లందరు సావరు, చానమందికి ఏం గాదు. కొందరికి పుండు లేస్తది, ఏ కొందరికో క్యాన్సరు అయితది. రెండు వారాలు గోలీలు తప్పకుండ మింగితే పురుగు పోతది, పోయిందో లేదో కొన్ని దినాలాగి మల్ల పరీక్ష చేయాలె. పురుగు అంటుతది గని క్యాన్సరు అంటదు. "రెండు ముక్కలు రాస్తేనే మార్కులు. ఒక్క ముక్కనే రాసినోళ్లకు సున్నా. ఒక్క ముక్క తెలిసిన నర్సు ఏం తెల్వనిదాని కంటె ఖతర్నాక్" అని చెప్పి, నిజంగనే సున్నాలేసేటోళ్లు.

గంత చెప్పిన మనిషి బ్యాగుల ఏముంటుండెనో తెలుసా మీకు? గ్యాసు గోలీల పట్టీ. పొద్దున ఇడ్లీ తినకముందు ఒకటి మింగేటోళ్లు. ఒకసారి నేనే అడిగిన, మేడం మీది గూడ సిలిండరేనా అని. "చాయ ఎక్కువ తాగుతనే. నీకెందుకు, పో" అన్నరు. లోకానికంత చెప్పిన మాట ఆమె చెవులకు ఎక్కలే. ఏం చెప్పాలె ఇంక.

నాకు జూనియర్ ఒక జగిత్యాల పిల్ల ఉండె. నీలిమందు పరీక్షల దాని చేతుల ఒక్క చుక్క గూడ మిగలలే. మేడం ఆ రెండు చేతులు తిప్పి తిప్పి చూసి, "శభాష్ జగిత్యాల" అన్నరు. ఆ నోట్లకెళ్లి శభాష్ అనేది మేము ఇన్నది గదొక్కసారే. చదువైనంక పోయి వాళ్లింట్ల అడిగి, కొడుక్కు చేసుకున్నరు. పెండ్లిల మేము నవ్విందే నవ్వుడు. పుస్తె కట్టేముందు పెండ్లికొడుకు చేతులు మేడం వాసన చూసిండ్రని ఒకతి, తలంబ్రాలు సబ్బునీళ్లల్ల కడిగిచ్చిండ్రని ఇంకోతి. పెండ్లయినంక గూడ కోడల్ని ఊరిపేరుతోనే పిలిచేటోళ్లు. ఆ పిల్ల గూడ అత్తమ్మా అత్తమ్మా అని ఎన్కెన్కనే తిరిగేది. అబద్ధమెందుకు, ఇద్దరు మంచిగనే ఉండిరి. ఒక మనవరాలు పుట్టింది.

కిందటేడు కాలేజిల అవగాహన కార్యక్రమం పెట్టిండ్రు. కడుపుల పుండ్లు, చేతుల శుభ్రం, గివే. నర్సింగు పిల్లలు, ఫార్మసీ పిల్లలు, ల్యాబు చదువు పిల్లలు, అందరిని ఒక్క హాల్ల కూసోబెట్టిండ్రు. పాత స్టూడెంట్లం మమ్ముల గూడ పిలిచిండ్రు. "తినేముందు సబ్బుతోని కడుగుకునేటోళ్లు చేతులెత్తుండ్రి" అన్నరు మేడం. హాలు మొత్తం లేపింది. "దించొద్దు, అట్లనే ఉంచుండ్రి" అని వరుసల నడుమకెళ్లి నడుసుకుంట, ఎత్తిన చేతులు ఒక్కొక్కటి పట్టి చూసిండ్రు. గోర్లల్ల మిర్చి బజ్జీల నూనె గూడ ఆరలే. పిల్లలు సిగ్గుతోని ముడుసుకున్నరు. నేను, నా దోస్తు ఎన్క కూసొని మస్తు నవ్వినం.

తర్వాత ఊపిరి పరీక్ష. ఒక మందు నీళ్లు తాగి, కొద్దిసేపాగి, సంచిల ఊదాలె. కడుపుల పురుగున్నదో లేదో తెలుస్తది. ఎవరు ముందుకొస్తరంటే ఒక్కలు లేవలే. "ఉన్నదని వస్తే హాస్టల్ల నా పక్కకు ఎవరు పండుకుంటరు" అని ఒక పిల్ల గునిగింది. మేడం ఇన్నరు. "నాకు చేయుండ్రి ముందుగాల" అని కుర్చీల కూసున్నరు. ఆ పరీక్షకు రెండు వారాల ముందు సంది గ్యాసు గోలి బంద్ పెట్టాలె, లేకుంటె పురుగు దొరకదు. అంటే మేడం ముందే అనుకొని వచ్చిండ్రు. ఆ రెండు వారాలు పొట్ట చేతితోని ఒత్తుకుంట క్లాసులు చెప్పిండ్రని తర్వాత తెలిసింది.

ఫలితం వచ్చినంక మైకు ఆమెనే తీసుకున్నరు. "నాకున్నది. చూసిండ్రా, చేతులు గిట్ల కడిగే నాకే ఉన్నది. చిన్నప్పుడు వచ్చి కూసున్నది. సిగ్గుపడేది ఏం లేదు. గోలీలు మింగుత, పోతది. ఇగ ఒక్కొక్కలు రాండ్రి" అన్నరు.

ముందటి వరుసల ఒక పిల్ల కుర్చీ ఎన్కకు జరుపుకున్నది. బండల మీద గీరిన సప్పుడు హాలంత ఇనవడ్డది. మేడం దాని దిక్కు చూసి, "జరుగు బిడ్డా, ఇంక జరుగు. రేపు వార్డుల ఎంత దూరం జరుగుతవో చూస్త" అన్నరు. పిల్లలు నవ్వుతరనుకున్నరు. ఎవ్వలు నవ్వలే. పరీక్షకు గూడ ఎవ్వలు రాలే.

తెల్లారి సంది స్టాఫ్‌రూంల ఆమె గ్లాసు మీద గోర్లరంగు తోటి ఎర్రటి చుక్క పెట్టిండ్రు. పెట్టినోళ్లు ఎవరనుకున్నరు? చదువురానోళ్లా? రోజు పిల్లలకు రోగాల పాఠాలు చెప్పేటోళ్లే. మేడం ఆ చుక్క చూసి, "మంచిగైంది. ఇంతకుముందు నా గ్లాసుల ఎవరెవరో తాగిపోతుండిరి" అన్నరంట. అట్ల అన్న మనిషి ఆ దినం చాయ తాగలేదని, స్టాఫ్‌రూంల చాయ పోసే ఆయమ్మ చెప్పింది.

గోలీలు రెండు వారాలు మింగిండ్రు. నొప్పి తగ్గలే. అన్నం సయిస్తలేదు, మనిషి గుంజుకపోతుండ్రు. నోట్లకెళ్లి కెమెరా ఏసి చూస్తే గడ్డ. హైదరాబాద్ తీసుకపోయిండ్రు. అప్పటికే కాలేయం దాక పోయిందన్నరు. సూది మందులు ఎక్కిచ్చిండ్రు, జుట్టు ఊసిపోయింది. మల్ల ఊపిరి పరీక్ష చేయించుకున్నరు. పురుగు లేదు, సాఫ్ అయింది. అది చేసిపోయిన పని మాత్రం మిగిలింది.

ఇంటికొచ్చినంక ముందటి గది ఆమెకిచ్చిండ్రు. కంచం పక్కకు వెట్టిండ్రు. గ్లాసు పక్కకు, చెంచ పక్కకు. తోమే పీసు గూడ వేరే. తోమినంక ఆ కంచం ప్రహరి గోడ మీద ఎండకు పెట్టేది కోడలు. నేను నస్పూరు పోయినప్పుడల్ల కరీంనగర్ దిగి చూసొచ్చేదాన్ని. గేటు తీయంగనే ఆ కంచమే కనవడేది. కొడుకు మాస్కు పెట్టుకొని, గుమ్మం అవుతల నిలవడి "అవ్వా, ఎట్లున్నది" అని అడిగేటోడు. కొండగట్టుకు పోయి అవ్వ పేరు మీద మొక్కొచ్చిండు గూడ. ప్రసాదం తెచ్చి స్టూలు మీద పెట్టిండు. దేవుని కాడికి అంత దూరం పోయినోనికి, గుమ్మం కాడికెళ్లి మంచం కాడికి పోవుడు దూరమైంది.

ఆ స్టూలు సంగతి చెప్పాలె. గుమ్మానికి అడ్డంగ వేసిండ్రు, మనవరాలు లోపటికి రాకుండ. నాలుగేండ్ల పిల్ల. నేను లోపట కూసున్నప్పుడే ఒకసారి స్టూలు పట్టుకొని నిలవడి, "బాపమ్మా, నీ కడుపుల పురుగున్నదంట గదా. చూపెట్టు" అన్నది.

"పోయింది బిడ్డా."

"ఏడికి పోయింది?"

"గోలీలేసి సంపిన."

"అమ్మ ఇంకున్నదంటది" అని ఉరికింది పిల్ల.

మేడం కండ్లు మూసుకున్నరు. "నస్పూరు, నాకు ఒక్కటే ఆశ ఉన్నదే" అన్నరు. "ఒక్క కంచంల తినమంటలేను. ముద్దలు పెడ్తనంటలేను. నా మనవరాలు దాని కంచంల తిననీ, నా కంచంల నేను తింట. అది ఆ గోడ కాడ కూసోనీ. ఒక్క పూట. గదొక్కటి చేయిస్తవా?"

జిందగీల మేడం నన్ను ఏదన్న అడిగింది అదే మొదలు. చేయిస్త అన్న. ఎందుకు చేయియ్య? అండ్ల ఏమున్నది? ఒక పిల్ల, ఒక కంచం, ఒక గోడ.

వంటింట్లకు పోయి కోడల్ని అడిగిన. మెల్లగనే అడిగిన, ఒట్టు. "పురుగు పోయింది గదనే. రిపోర్టు నువ్వే చూసినవు. క్యాన్సరు అంటదని ఏ మేడం చెప్పింది నీకు?"

"రిపోర్టు తప్పయితే, అక్కా?"

"రెండో ముక్క మర్సిపోయినవా?"

కోడలు అంట్ల గిన్నె పక్కకు పెట్టింది. చేతులు కడిగి కడిగి తోలు లేసి ఉన్నయి ఆమెవి, ఎర్రగ, పగిలి. "మర్వలే అక్కా. రెండు ముక్కలు రాసే పాసైన. అంత నాకెరుకనే. కని పిల్ల అటు పోతుంటె నా పాణం ఆగుతలేదు. మనసుకు పరీక్ష పెట్టి మార్కులేస్తరా? నువ్వయితే పంపుతవా నీ బిడ్డను?" అన్నది.

"పంపుత" అన్న.

మల్ల ఐతారం నా బిడ్డను ఎంబడివెట్టుకొని పోయిన. సబ్బుతోని చేతులు కడిగిచ్చిన, మేడం చూస్తరు గదా. చూసిండ్రు గూడ. లేవరాని మనిషి, మంచంల పండుకొనే "ఏదీ, చెయ్యి చూపెట్టు" అన్నరు. నా బిడ్డ చూపెట్టింది. పాసైంది. గోడ కాడ కూసొని, దాని కంచంల అది పప్పన్నం తిన్నది. మేడం రెండు చెంచల జావ తాగిండ్రు. తినుడే చూసిండ్రు. ఒక్కొక్క బుక్క నోట్లెకు పోయేదాక చూసిండ్రు.

అగో, గప్పుడే మనవరాలు గుమ్మంలకొచ్చింది. తన బాపమ్మ గదిల వేరే పిల్ల కూసొని తింటుంటె ఏ పిల్ల ఊకుంటది? "నాగ్గూడ, నాగ్గూడ" అనుకుంట స్టూలు కిందికెళ్లి దూరి ఒక్క ఉరుకుల లోపటికొచ్చింది. మేడం మోచేతి మీద లేవబోయిండ్రు. మొఖం ఎట్ల ఎలిగిందో నేను చూసిన. చెయ్యి జాపిండ్రు. ఆ చెయ్యి కాడికి పిల్ల రానేలేదు. ఎన్కకెళ్లి కోడలు ఉరికొచ్చి, పిల్లను నడుం పట్టి లేపి, సంకలేసుకొని పోయింది. పిల్ల ఒకటే ఏడుపు. పక్కకే బాత్రూముల నల్లా ఇప్పిన సప్పుడొచ్చింది. ఏది ముట్టని చేతులను, ఏడుస్తున్న పిల్ల చేతులను, కడుగుతనే ఉన్నది, కడుగుతనే ఉన్నది.

మేడం మల్ల దిండు మీద పడ్డరు. నల్లా సప్పుడు ఇనుకుంట, "దాన్ని గోర్ల సందుల గూడ కడగమను" అన్నరు.

కోపంగ అన్నరా, నవ్వులాటకన్నరా, నాకిప్పటికి ఎరుక లేదు.

నేను ఎల్లేముందు దుప్పటి సవరిస్తుంటె నా చెయ్యి పట్టుకున్నరు. "సగం పాఠమే చెప్పిన్నేమో."

"రెండు ముక్కలు చెప్పిండ్రు మేడం. నాకు గుర్తున్నయి."

"నీకు గుర్తుంటె ఏం లాభమే" అన్నరు.

అట్ల గూడ అంటరు. సావు మంచంల గూడ మనిషి మారలే. దారిపొంటి బస్సుల ఆ మాటకు ఏడ్చుకుంటనే వచ్చిన. కని ఒకటి చెప్తున్న ఇనుండ్రి. నాకు గుర్తుంటె లాభమున్నది మేడం. మా దవాఖానకు ఏడాది సంది గ్యాసు అని వచ్చినోళ్లను నేను ఉత్త గోలీలిచ్చి పంపలే. ఒర్రి, తిట్టి పరీక్షకు పంపిన. గట్ల పోయినోళ్లల్ల కొందరికి పురుగున్నదని తేలింది, మందులు మింగిండ్రు, పుండ్లు మానినయి, ఇయ్యాల శేన్ల పత్తి ఏరుకుంటుండ్రు. ఇంట్ల కంచం పక్కకు పెడ్తమా సిస్టర్ అని అడిగినోళ్లకు రెండో ముక్క పదిమార్లు చెప్పిన. అదంత మీరు నీళ్లు గుమ్మరిచ్చి నేర్పిందే. ఈ మాట మీరుండంగ చెప్పాల్సింది. చెప్పబోతే రోల్ నంబర్ పిలుస్తుంటిరి, ఏం చేయాలె.

మల్ల ఐతారం గూడ బిడ్డను తీసుకపోదామనుకున్న. దవాఖానల సెలవు దొరకలే. ఆ మీది సోమారమే ఫోనొచ్చింది. ఆఖరుకు ఎవరున్నరని అడిగితే, జావ స్టూలు మీద పెట్టి గుమ్మం అవుతలికెళ్లే పిలిచిండ్రంట, ఎంతసేపటికి పలుకలేదంట, గప్పుడు చూసిండ్రంట.

బోథ్ నుంచి పోయేసరికి మధ్యాహ్నమైంది. మా కాలేజి పిల్లలు ఎంతమంది వచ్చిండ్రో. గోర్లరంగు చుక్క పెట్టినోళ్లు గూడ పూలదండలు పట్టుకొచ్చిండ్రు. డప్పులు కొట్టిండ్రు. మానేరు దిక్కు తీసుకపోతుంటె నడుమ తొవ్వల దింపుడుగల్లం కాడ పాడె దింపిండ్రు. మా దిక్కు అట్ల దింపి, పోయినోళ్ల చెవుల మూడుమార్లు పిలుస్తరు. ఏడన్న పాణం మిగిలుంటే, తనోళ్ల గొంతు ఇని లేస్తరని ఆశ. డప్పు ఆగింది. కొడుకు వంగి పిలిచిండు.

మేడం వాళ్లక్క ముసలామె ముందటికొచ్చింది. "నువ్వు గాదురా. దానికి పాణం ఎవరి మీదున్నదో వాళ్లు పిలువాలె. పిల్లను పట్టుకరా" అన్నది.

అందరు కోడలు దిక్కు చూసిండ్రు. కోడలు పిల్లను సంకల గట్టిగ ఒత్తుకొని నిలవడ్డది. ఇయ్యదనుకున్న. ఇయ్యకుంటె ఆడనే లొల్లి చేద్దునేమో. గని ఆమె ఏడ్చుకుంటనే వచ్చి, పాడె పక్కకు మోకాళ్ల మీద కూసొని, పిల్లను తల కాడ దించింది. "పిలువు బిడ్డా" అన్నది.

పిల్ల అమ్మ మొఖం చూసింది. దగ్గరికి పోవచ్చా అన్నట్టు చూసింది. కోడలు తలూపింది. పిల్ల వంగి, చెవి కాడ నోరు పెట్టి, మెల్లగ "బాపమ్మా" అన్నది. ముసలామె మల్ల అనమన్నది. మల్ల అన్నది. మూడోసారి గట్టిగ, తొవ్వంత ఇనవడేటట్టు ఒర్రింది. నా పక్కకున్న కాలేజి పిల్లలందరు కొంగులు నోట్లల్ల కుక్కుకున్నరు.

పిలిచినంక పిల్ల ఊకోలే. పిలిస్తే పలుకుతరు గదా, దానికంతే తెలుసు. రెండు చేతులు మేడం చెంపల మీద ఆనిచ్చి, తల పక్కకు తిప్పి, తన చెవి తీసుకపోయి మేడం నోటికి ఆనిచ్చి పెట్టింది. ఏమంటరో అని ఇనుకుంట అట్లనే ఉన్నది. ఎవ్వలు దాన్ని ఎన్కకు గుంజలే.